ప్రోగ్రామును రిలీవ్ చేయడం ఎట్లా?

(పెన్షనర్ల దినోత్సవము సందర్భంగా తరిగొప్పులలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయదలచి వేసే భిక్ష కాదని ఆ తీర్పు చెప్పింది కనుకనే ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాము. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. "సార్, మీరు కంప్యూటర్ల ఏవో తీసేసి తిప్పలు పడ్డరు గదా, అదే చెప్పండి, పదిమందికి పనికొస్తది" అన్నారు. పడిన తిప్పలు సభలో చెప్పుకోవడం కొంత నామోషీయే. అయినా చెబుతాను. ఎందుకంటే ఆ తిప్పలు నా ఒక్కడితో పోలేదు. ఒక పెద్దమ్మ ఆటో కిరాయి పెట్టుకొని వచ్చి, పని కాక తిరిగిపోయింది.

విషయం ఇది. కంప్యూటరులోనో ఫోనులోనో ఒక ప్రోగ్రాము మనకు అక్కరలేదనుకున్నప్పుడు దాన్ని, దానితోపాటు వచ్చిన పరివారాన్ని శుభ్రంగా, అవతలివారికి నష్టం లేకుండా తీసివేయడం.

మన ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు ఎక్కువ భాగం పిల్లలవి. కొడుకో కూతురో కొత్తది కొనుక్కొని పాతది "బాపూ, నువ్వు వాడుకో" అని ఇచ్చిపోతారు. దానితోపాటు వాళ్లు పదేండ్లపాటు ఎక్కించిన ప్రోగ్రాములన్నీ మనకు వారసత్వంగా వస్తాయి. ఆటలు, పాటల ప్లేయర్లు, ఏదో పరీక్ష కోసం ఎక్కించిన కోచింగు సాఫ్ట్‌వేరు, గడువు తీరిన యాంటీవైరస్‌లు రెండు. స్విచ్ వేసి, పోయి టీ తాగి వచ్చినా మెషిన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు మనం ఏమి చేస్తాము? తెర మీద బొమ్మ కనిపిస్తుంది కదా, దానిని పట్టుకొని డిలీట్ కొడతాము. బొమ్మ పోతుంది. పీడ పోయిందనుకొంటాము.

ఆ బొమ్మ ఆఫీసు గుమ్మానికి కొట్టిన నేమ్ బోర్డు. బోర్డు పీకినంత మాత్రాన లోపల కూర్చున్న ఆఫీసరుకు బదిలీ అయినట్లు కాదు.

ఒక ఆఫీసరు జాయినైతే ఎట్లా ఉంటుందో మనకు తెలియనిది కాదు. క్వార్టరు, జీపు, అటెండరు, బీరువా తాళాలు, రబ్బరు స్టాంపులు అన్నీ ఆయన పేరిట నమోదవుతాయి. ప్రోగ్రాము కూడా ఒంటరిగా రాదు. దాని అసలు ఫైళ్లు ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరులో చేరతాయి. మన సొంత సెట్టింగులు యాప్‌డేటా అనే మామూలుగా కంటికి కనిపించని ఫోల్డరులో ఉంటాయి. రిజిస్ట్రీ అనే పెద్ద రిజిస్టరులో దాని పేరు, విలాసం, వెర్షను రాసి ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు, మెషిన్ ఆన్ కాగానే తమను ఎవరూ పిలవకుండానే లేచేటట్లు స్టార్టప్ జాబితాలో పేరు రాయించుకొంటాయి. కొన్ని సర్వీసు అనే పేరుతో తెర వెనుక డ్యూటీ చేస్తుంటాయి. కొన్ని బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్ పేరిట తమ మనిషిని ఒకరిని కూర్చోబెట్టిపోతాయి. ఫాంట్లు ఉంటే అవి మరొక చోటికి పోతాయి.

ఇన్ని చోట్ల పంచుకొని కూర్చున్నదాన్ని వెనక్కి పిలవాలంటే ఎవరి దగ్గరనో ఒక జాబితా ఉండాలి. మన భాషలో ఛార్జి లిస్టు. 1995లో వచ్చిన విండోస్ 95లో కంట్రోల్ ప్యానెల్ లోపల యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్ అనే వసతి పెట్టినది ఇందుకే. ఇప్పటి విండోస్ 11లో సెట్టింగ్స్, అందులో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ అని ఉంటుంది. అక్కడ పేరు పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి అన్‌ఇన్‌స్టాల్ అంటే, ఆ ప్రోగ్రాము తనతో తెచ్చుకొన్న అన్‌ఇన్‌స్టాలరు లేచి, తన జాబితా ప్రకారం ఒక్కొక్కటి తీసుకొని పోతుంది. అది సక్రమమైన రిలీవింగ్ ఆర్డరు.

ఈ ఛార్జి లిస్టు విలువ నాకు 1984లో తెలిసింది. ఆ సంవత్సరం జనవరి 6న పట్వారి, మాలి పటేలు, పోలీసు పటేలు పోస్టులు రాష్ట్రమంతటా ఒక్క ఆర్డినెన్సుతో రద్దయినవి. నేను అప్పటికి జూనియర్ అసిస్టెంటును. ఒక్క కలం పోటుతో పోస్టు పోయింది కానీ, పహాణీలు, సేత్వారు నకళ్లు, ఫైసల్ పట్టీలు పట్వారి ఇంట్లో, సందూకలో, గుడ్డ మూటలో ఉండిపోయినవి. కొందరు మర్యాదగా తెచ్చి ఇచ్చినారు. కొందరు కోర్టుకు పోయినామని, ఇయ్యమని అన్నారు. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించిన తరువాత కూడా అన్ని మూటలూ కచేరికి చేరలేదు. రైతు ఒక నకలు కోసం వస్తే, రికార్డు ఎక్కడ ఉన్నదో తెలియక నేను తెల్లముఖం వేసిన రోజులు ఉన్నవి. పోస్టు తీసివేయడం వేరు, రికార్డు స్వాధీనం చేసుకోవడం వేరు.

మరొక సంగతి. పట్వారి పోయినా నీరటి పోరాదు. ఆయన కూడా గ్రామ సిబ్బందిలోని మనిషే కానీ, చెరువు తూము తీసేది ఆయన, కింద పొలాలన్నీ ఆయన మీద ఆధారపడి ఉన్నవి. ఈ నీరటి సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక నా తప్పులు. మొదటి తప్పు, అన్‌ఇన్‌స్టాల్ చేయడం తెలియక కాదు, ఓపిక లేక చేసినది. పాటల ప్లేయరు ఒకటి ఉండేది. సి డ్రైవులోకి పోయి దాని ఫోల్డరును మొత్తంగా డిలీట్ కొట్టాను. మరునాటి నుంచి మెషిన్ ఆన్ చేసినప్పుడల్లా ఫలానా ఫైలు దొరకలేదని ఒక డబ్బా తెర మీదికి వస్తూ ఉంది. సరే, ఇప్పుడైనా పద్ధతి ప్రకారం తీద్దామని జాబితాలోకి పోయి అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే, అది తీయరాదని చెప్పింది. ఎందుకంటే అన్‌ఇన్‌స్టాల్ చేయవలసిన ఫైలు కూడా నేను చెరిపిన ఆ ఫోల్డరులోనే ఉండింది! ఛార్జి అప్పగించవలసిన గుమస్తాను నేనే ముందుగా గెంటివేసినానన్నమాట.

దీనికి విరుగుడు వింతగా ఉంటుంది. అక్కరలేని ఆ ప్రోగ్రామునే మళ్లీ అదే చోట ఇన్‌స్టాల్ చేయాలి. అది తన జాబితాను, తన గుమస్తాను మళ్లీ తెచ్చుకొంటుంది. అప్పుడు సక్రమంగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఎక్కించే ఫైలు దొరకనప్పుడు మైక్రోసాఫ్ట్ వారిదే, ఇన్‌స్టాల్ అన్‌ఇన్‌స్టాల్ చిక్కులను సరిచేసే చిన్న సాధనం ఒకటి ఉచితంగా ఉంది, దానిని ప్రయత్నించవచ్చు. అంతేకానీ రిజిస్ట్రీ తెరిచి చేత్తో గీతలు కొట్టవద్దు. రిజిస్ట్రీని కడిగి శుభ్రం చేస్తామని చెప్పే ప్రోగ్రాములను కూడా నమ్మవద్దు. వాటిని వాడడాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించడం లేదు. ఒక దాన్ని తీయడానికి ఇంకొక దాన్ని ఎక్కించి, దాన్ని ఎట్లా తీయాలో తెలియక కూర్చున్నవారు మనలో ఉన్నారు. చేతులెత్తమని అడగను.

అసలు ఈ పరివారం ఎట్లా వస్తుందంటే, చాలా వరకు మనమే సంతకం పెట్టి తెచ్చుకొంటాము. ఉచిత ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతాము. మధ్యలో ఒక పేజీలో, దీనితోపాటు ఫలానాది కూడా ఎక్కించమంటారా అని ఒక చిన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. నిన్నటి దాకా ఆర్డరు కాపీని మూడుసార్లు చదివి ఇనీషియల్ వేసినవాళ్లం, ఇక్కడ చదవకుండా సంతకం పెడతాము. ఇది చిల్లర కంపెనీలు మాత్రమే చేసిన పని కాదు. జావా వంటి పేరున్న సాఫ్ట్‌వేరుతోపాటు ఆస్క్ టూల్‌బార్ అనేది ఏండ్ల తరబడి ఈ విధంగానే జనం బ్రౌజర్లలోకి చేరింది.

ఇంతకంటే పెద్ద ముచ్చట 2005లో జరిగింది. సోనీ బి.ఎం.జి. అనే సంగీతం కంపెనీ, పాటల సి.డి.లను కాపీ చేయకుండా ఆపడానికి, ఆ సి.డి.ని కంప్యూటరులో పెట్టినవారి మెషినులో కంటికి కనిపించని ప్రోగ్రామును ఎక్కించింది. అది జాబితాలో ఉండదు, ఫోల్డరులో కనిపించదు. మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు అక్టోబరు 31న ఆ సంగతి బయటపెట్టాడు. గొడవ ముదిరి, తీసివేసే సాధనం ఒకటి కంపెనీ ఇచ్చింది. ఆ తీసివేసే సాధనమే, బయటివారెవరైనా మెషినులోకి దూరడానికి సందు వదిలిపోయిందని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. కడకు కంపెనీ సి.డి.లను బజారు నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కనుక తీసేవాడు ఎవడో, వాడిని ఎవరు పంపారో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు నీరటి దగ్గరికి వస్తాను. ఇది నా రెండవ తప్పు, పెద్ద తప్పు.

ఆ జాబితాలో మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే పేరు నాకు పది పన్నెండు చోట్ల కనిపించింది. ఒకదాని పక్కన 2008 అని, ఇంకొకదాని పక్కన 2010 అని, 2013 అని, మళ్లీ ఒక్కొక్క దానికి రెండు రకాలు. నేను ఎక్కించినవి కావు. ఏమిటివి, ఒకే ఫైలుకు పది డూప్లికేటు కాపీలు పెట్టినట్లు ఉన్నదే, పిల్లలకు జాగ్రత్త లేదు అనుకొన్నాను. నవంబరు 27 రాత్రి కూర్చొని అన్నీ తీసేశాను. పద్ధతి ప్రకారమే, అన్‌ఇన్‌స్టాల్ నొక్కే తీశాను. మెషిన్ కూడా నోరెత్తలేదు.

నా దగ్గర వేలిముద్ర తీసుకొనే చిన్న పరికరం ఉన్న సంగతి మీకు తెలుసు. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చినప్పటి నుంచి బ్యాంకుల చుట్టూ తిరగలేనివారికి ఇంట్లో కూర్చొని సర్టిఫికెట్ చేసి ఇవ్వవచ్చునని ఉత్సాహంతో కొన్నది. ఆ పరికరం పనిచేయాలంటే ఆర్.డి. సర్వీసు అనే ప్రోగ్రాము వెనుక నడుస్తూ ఉండాలి. 28 ఉదయం ఒక పెద్దమ్మ వచ్చింది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి కాలం చేశాడు. ఫ్యామిలీ పెన్షన్ ఒక్కటే ఆధారం. కేంద్రం పెన్షనర్లకు నవంబరు ఆఖరుకు లైఫ్ సర్టిఫికెట్ చేరకపోతే, చేరేదాకా పెన్షన్ ఆగుతుంది. రెండు రోజులు మిగిలి ఉన్నవి.

వేలు పెట్టింది. లైటు వెలగలేదు. తుడిచి మళ్లీ పెట్టింది. లేదు. వైరు పీకి మళ్లీ గుచ్చాను. మెషిన్ ఆపి మళ్లీ వేశాను. ఆర్.డి. సర్వీసు లేవడం లేదు. ఆమె తన వేలినే చూసుకొంటూ, "నా ఏలు అరిగిపోయిందా సారూ? నాట్లేసి నాట్లేసి గీతలు పోయినట్టున్నయి" అన్నది.

"నీ ఏలు మంచిగనే ఉన్నదమ్మా, నా మిషినే మొండికేసింది" అన్నాను. అప్పటికి ఆ మాట కూడా సగమే నిజమని నాకు తెలియదు. రేపు రమ్మని పంపించాను. కొంగు ముడి విప్పి ఆటోవానికి పైసలు లెక్క పెడుతుంటే చూడలేక లోపలికి వచ్చాను.

సాయంత్రం మనుమడికి ఫోను చేశాను.

"తాతా, నిన్న ఏమన్న తీసేసినవా?"

"అక్కెర లేనియే తీసిన బిడ్డా."

"ఏమేం తీసినవో చెప్పు."

చెప్పాను. వాడు కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత ఓపికగా వివరించాడు. మీకు నా మాటల్లో చెబుతాను.

ప్రోగ్రాములు రాసేవారు ప్రతిదీ మొదటి నుంచి రాయరు. అందరికీ పనికివచ్చే పనులు కొన్ని ఉంటాయి. వాటిని ఒకసారి రాసి ఉమ్మడిగా ఒక చోట పెడతారు. డి.ఎల్.ఎల్. అని ముగిసే ఫైళ్లు ఆ జాతివే. ఎవరికి కావలసినప్పుడు వారు పిలుచుకొంటారు. విజువల్ సి ప్లస్ ప్లస్ అనేవి అటువంటి ఉమ్మడి ఫైళ్ల మూటలు. 2010 నాటి మూటను నమ్ముకొని రాసిన ప్రోగ్రాముకు 2013 నాటి మూట పనికిరాదు. అందుకే అన్ని సంవత్సరాలవీ పక్కపక్కన ఉంటాయి. నేను డూప్లికేటు కాపీలనుకొన్నవి అసలు డూప్లికేట్లు కావు. వేలిముద్ర పరికరపు సర్వీసు వాటిలో ఒకదానిని నమ్ముకొని ఉంది. నేను నీరటిని తీసేసి, పొలానికి నీరెందుకు రాలేదని తూము దగ్గర నిలబడ్డాను.

మరి మెషిన్ నాకు ఎందుకు చెప్పలేదు? విండోస్‌లో, ఫలానా ఉమ్మడి ఫైలును ఎంతమంది వాడుకొంటున్నారో లెక్క పెట్టే ఏర్పాటు విండోస్ 95 నాటి నుంచే ఉంది. ఒకరు చేరితే లెక్క ఒకటి పెరగాలి, ఒకరు పోతే తగ్గాలి, సున్నా అయినప్పుడే ఫైలు తీయాలి. కానీ చేరినప్పుడు ప్రతి ప్రోగ్రామూ ఆ లెక్కలో సంతకం పెట్టాలి కదా. పెట్టనివి చాలా ఉంటాయి. హాజరు పట్టీలో సంతకం చేయకుండా పని చేసుకుపోయే మనిషి లాగా. అటువంటివారు ఉన్నారని పట్టీ చూసి తెలుసుకోలేము. ఇందువల్ల 1990లలో ఒక ప్రోగ్రాము తీస్తే ఇంకొకటి పడిపోవడం, ఒకటి ఎక్కిస్తే ఇంకొకదాని ఫైలు మారిపోవడం ఎంత సామాన్యమైపోయిందంటే, దానికి డి.ఎల్.ఎల్. నరకం అని పేరే పెట్టారు.

ఇది మనవంటి ముసలివాళ్లకే జరుగుతుందనుకోవద్దు. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామరు, ఒక పేరు విషయంలో తగాదా వచ్చి, జావాస్క్రిప్టు వారు వాడుకొనే ఎన్.పి.ఎం. అనే ఉమ్మడి భాండాగారం నుంచి తన ప్రోగ్రాములన్నీ వెనక్కి తీసుకొన్నాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ అనేది ఒకటి. మొత్తం 11 పంక్తులు. ఒక మాటకు ఎడమవైపున కావలసినన్ని ఖాళీలో సున్నాలో చేర్చడం దాని పని. మనం బిల్లులో అంకె ముందు సున్నాలు కొట్టినట్లు. ఆ 11 పంక్తులు పోయేసరికి వేలకొద్దీ పెద్ద పెద్ద ప్రాజెక్టులు తయారు కాకుండా ఆగిపోయినవి. చాలామందికి తాము దాన్ని వాడుతున్నట్లే తెలియదు. తాము వాడే వస్తువు ఇంకొకదాన్ని, అది మరొకదాన్ని నమ్ముకొని ఉన్నవి. భాండాగారంవారు ఆ ప్రోగ్రామును కొద్ది గంటల్లోనే మళ్లీ యథాస్థానంలో పెట్టవలసి వచ్చింది.

నా సంగతికి వస్తే, మనుమడు చెప్పినట్లు ఆ మూటలను మైక్రోసాఫ్ట్ వారి చోటు నుంచే తెచ్చి మళ్లీ ఎక్కించాను. రాత్రి పదకొండు దాటింది. సర్వీసు లేచింది, లైటు వెలిగింది. 29న పెద్దమ్మ మళ్లీ వచ్చింది. రెండవసారికి వేలు పట్టింది. నిన్నటి దోషం నాదేనమ్మా, నేనే ఒక ఫైలు తీసేసినాను అని చెప్పాను. "పోనీ తియ్ సారూ, నా ఏలైతే కాదు గదా" అని నవ్వింది. ఆటో కిరాయి ఇస్తానంటే తీసుకోలేదు. 2021 నవంబరు నుంచి వేలిముద్ర అవసరం లేకుండా ఫోనులో ముఖం చూపించి కూడా ఈ సర్టిఫికెట్ చేయవచ్చు. మొదటి రోజే ఆ మాట నాకు తోచి ఉంటే ఆమెకు రెండవ కిరాయి తప్పేది. కంగారులో తోచలేదు.

మూడవది మన సంఘానికి సంబంధించినది. కొందరికి కోపం రావచ్చు. పాత తెలుగు టైపింగు ప్రోగ్రాము ఒకటి ఆ మెషినులోనే ఉండేది. ఇప్పుడు అందరూ యూనికోడ్‌లో కొడుతున్నారు కదా, ఇది ఎందుకని తీసేశాను. శుభ్రంగానే పోయింది, పోతూ పోతూ తన ఫాంట్లను కూడా వెంట తీసుకొనిపోయింది. నెల తరువాత మన పాత సంచికల ఫైలు తెరిచి చూస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు పేజీ నిండా పోసినట్లు ఉన్నవి.

కారణం ఏమంటే, యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత స్థానం లేదు. ఇంగ్లీషు అక్షరాల కుర్చీలలో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టేవారు. ఫైలులో ఉన్నది ఇంగ్లీషు సంకేతమే. ఫాంటు అనే కళ్లద్దం పెట్టుకొన్నంతసేపు అది మనకు తెలుగుగా కనిపిస్తుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు సొంత స్థానాలు ఇచ్చారు. 2001లో విండోస్ ఎక్స్.పి.తో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా పంచిపెట్టారు. మన జనగామ జిల్లా బమ్మెరవారి పేరు కంప్యూటరులో మొదటిసారి చూసినప్పుడు నేను పడ్డ సంతోషం వేరే చెప్పాలి, ఇప్పుడు కాదు. అయితే డి.టి.పి. సెంటర్లు మాత్రం చాలాకాలం పాత ఫాంట్లతోనే నడిచినవి, ఇప్పటికీ కొన్ని నడుస్తున్నవి. మీ ఇంట్లో పాత మెషినులో రాసుకొన్న అర్జీలు, వంశవృక్షాలు, పెండ్లి పత్రికలు ఉంటే వాటి పరిస్థితి ఇంతే. తీసివేయడానికి ముందే వాటిని పి.డి.ఎఫ్.గా దాచుకోండి. పి.డి.ఎఫ్. చేసేటప్పుడు ఫాంటును అందులోనే ఇమిడ్చి పెట్టవచ్చు, అప్పుడు ఏ మెషినులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. వీలైతే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. మార్చే సాధనాలు ఉన్నవి, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక ఒకసారి చదివి దిద్దుకోవాలి.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. ముందుగా ఒక నోటు పుస్తకం పెట్టాను. ఏ ప్రోగ్రాము ఏ తేదీన ఎందుకు ఎక్కించానో అందులో రాస్తాను. జాబితాను తేదీల వారీగా పేర్చుకొంటే, అదే రోజున ఇంకేవి చేరినవో బయటపడుతుంది. అవి దాని పరివారం అయి ఉండే అవకాశం ఎక్కువ. తీయదలచినప్పుడు, దానితో చేసిన నా సొంత ఫైళ్లు ఏమేమి ఉన్నవో వేరే చోట భద్రం చేస్తాను. రీస్టోర్ పాయింట్ పెడతాను. ఏదైనా చెడితే సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తెచ్చుకొనే వసతి అది. విండోస్‌లో ఉన్నదే, డబ్బు పెట్టనక్కరలేదు. తరువాత అన్‌ఇన్‌స్టాల్ చేసి, మెషిన్‌ను ఒకసారి ఆపి వేస్తాను. కొన్ని ఫైళ్లు వాడుకలో ఉన్నంతసేపు పోవు, మళ్లీ మొదలైనప్పుడు పోతాయి. అప్పుడు టాస్క్ మేనేజరులో స్టార్టప్, బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్లు చూస్తాను. మైక్రోసాఫ్ట్ పేరుతో ఉన్న ఉమ్మడి మూటల జోలికి మాత్రం పోను. నాలుగు ఫైళ్లు మిగిలితే కొంపలు మునగవు. రోజుకు ఒక్కటే ప్రోగ్రాము తీస్తాను. పది ఒకేసారి తీస్తే, చెడినప్పుడు ఏది తీసినందుకు చెడిందో తెలియదు.

లైనక్స్‌లో ఈ తలనొప్పి తక్కువ అని మనుమడు అంటాడు. సి-డాక్ వారి బాస్ లైనక్స్ వాడి చూశాను, నిజమే. అక్కడ ప్యాకేజీ మేనేజరు అనే ఒక్క గుమస్తా దగ్గర అందరి రిజిస్టరూ ఉంటుంది. ఒక ప్రోగ్రాము కోరిక మీద వచ్చిందా, ఇంకొకదాని వెంట వచ్చిందా అని రాసి పెట్టుకొంటాడు. వెంట వచ్చినవాటిలో ఎవరికీ అక్కరలేనివి ఏవో తానే చెప్పి, తీయమంటారా అని అడుగుతాడు. అందరు గుమస్తాలూ అట్లా ఉంటే మనకు ఆడిట్ అభ్యంతరాలే వచ్చేవి కావు.

ఫోను గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అక్కడ పోయేది ఫైలు కాదు, డబ్బు. మిత్రుడొకరికి, మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోతుంది అని ఫోను వచ్చింది. వాళ్లు పంపిన యాప్ ఎక్కించాడు. ఇంట్లోవాళ్లు కేకలు వేసేసరికి భయపడి బొమ్మను వేలితో పట్టి తీసేశాడు. ఫోనులో ఆ బొమ్మను పట్టుకొంటే కొన్ని మోడళ్లలో రిమూవ్ అని, అన్‌ఇన్‌స్టాల్ అని రెండు మాటలు కనిపిస్తాయి. రిమూవ్ అంటే తెర మీది బొమ్మ మాత్రమే పోతుంది. ఆయన నొక్కినది అది. వారం తరువాత చూస్తే యాప్ లోపలే ఉంది, అన్‌ఇన్‌స్టాల్ నొక్కనివ్వడం లేదు. డివైస్ అడ్మిన్ అనే అధికారం, యాక్సెసిబిలిటీ అనే అధికారం ఆయన చేతనే ఇప్పించుకొని కూర్చుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ లోపలికి పోయి ముందు ఆ అధికారాలను రద్దు చేయాలి, తరువాతే అన్‌ఇన్‌స్టాల్ పనిచేస్తుంది. అప్పటికీ మొండికేస్తే ఫోనును సేఫ్ మోడ్‌లో తెరిచి తీయాలి. ఆయన డబ్బు పోలేదు, ఆ ఖాతాలో అప్పటికి ఏమీ లేకపోవడం వల్ల.

దూరం నుంచి తెరను చూపించే యాప్‌లు అన్నీ దొంగవి కావు. నా మనుమడు బెంగుళూరు నుంచి నా మెషిన్‌ను అటువంటి దానితోనే బాగుచేస్తాడు. కానీ మోసగాళ్లు వాటిని వాడుకొంటున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి బ్యాంకులను హెచ్చరించింది. పని కాగానే తీసివేయండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే ముందు 1930కి ఫోను చేయండి, తరువాతే యాప్‌ను తీయండి. కంగారులో ముందే తీసేస్తే ఫిర్యాదుకు ఆధారం పోతుంది. నెట్టును, సిమ్మును మాత్రం వెంటనే ఆపండి, 1930కి ఇంకొకరి ఫోను నుంచి చేయవచ్చు.

చివరగా ఒక మనవి. మన పాత సంచికలలో ఎక్కువ భాగం తిరిగి చదవడానికి వచ్చినవి. ఒక సభ్యుడి ఇంట్లో ఆ ఫాంట్లు ఉంటే తెచ్చుకొని, వాటిని పి.డి.ఎఫ్.గా మార్చి కార్యదర్శిగారికి ఒక పెన్ డ్రైవులో అప్పగించాను, లిస్టుతో సహా. 2004 నాటి సంచిక ఒక్కటి రాలేదు. అది వేరే ఫాంటులో కొట్టినది. అందులో ఆ సంవత్సరం కాలం చేసిన మన సభ్యుల శ్రద్ధాంజలి పేజీ ఉంది. అచ్చు ప్రతి ఎవరి దగ్గరా దొరకలేదు. ఆ రోజుల్లో డి.టి.పి. పని చేసినవారి ఇంట్లో, పాత బీరువాలో, తెలుగు ఫాంట్ల సి.డి. ఏదైనా ఉంటే దయచేసి ఒక రోజుకు నాకు ఇప్పించండి. సి.డి. గీతలు పడి ఉన్నా సరే, తీసుకొనిరండి. రసీదు రాసి ఇస్తాను.